బరంపురం సల్సా పార్టీలో పాటకీ పాటకీ మధ్య ఏం చెయ్యాలి?

మా వైపు డీజే అంటే జనానికి తెలిసింది ఒక్కటే. ట్రాక్టర్ మీద గోడలా పేర్చిన బాక్సులు, వినాయక నిమజ్జనం, పెళ్ళి ఊరేగింపు. ఆ డీజే పాటని పూర్తిగా వినిపించడు. నిమిషంన్నర కాగానే ఇంకో పాట, దాని మీద సైరన్, దాని మీద తీన్‌మార్. ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా నేనూ నాలుగేళ్ళు అలాగే పెళ్ళిళ్ళకి సౌండ్ పెట్టాను. అదే అలవాటుతో ఓ శనివారం రాత్రి బరంపురంలో ఒక డాబా మీద జంటలు లాటిన్ పాటలకి కలిసి ఆడే పార్టీకి, అంటే సల్సా సోషల్‌కి కూర్చున్నాను.

రెండో పాటకే దెబ్బతిన్నాను. సాఫ్ట్‌వేర్‌లో రెండు పాటలకీ ఒకే వేగం చూపిస్తోంది కదా అని రెండిటి దెబ్బల్నీ కలిపే సింక్ బటన్ నొక్కి, అరనిమిషం పాటు ఒకదాని మీద ఒకటి కలిపాను. నా హెడ్‌ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంది. తలెత్తి చూస్తే ఏడు జంటల్లో అయిదు జంటలు నిలబడిపోయి ఉన్నాయి. ఒకాయన బూటు పార్ట్‌నర్ కాలి మీదే ఉంది. సోషల్‌కి ఎప్పుడూ వచ్చే ఓ అక్క నా టేబుల్ దగ్గరకొచ్చింది. "ఏటి తమ్ముడూ ఇది? నీ కంప్యూటర్ బాగానే ఉంది గానీ, మేం కాళ్ళు ఎక్కడ పెట్టాలో అది చెప్పు" అంది.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం లాంటి ఊళ్ళలో పది పదిహేను జంటలతో సోషల్ పెట్టుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడ సల్సాకని వేరే డీజే ఎవరూ ఉండరు. డ్యాన్సర్లలోనే ఒకరి నెత్తిన ఆ పని పడుతుంది, లేదా నాలాంటి పెళ్ళి సౌండువాడిని పిలుస్తారు. ఆ మనిషి ముందు ఆరు దారులు ఉంటాయి. పాటని ముట్టుకోకుండా వదిలెయ్యడం, చివర్లో కొంచెం ఫేడ్ చెయ్యడం (చప్పుడు మెల్లగా దించడం), బీట్ కలపడం, ఇంటి దగ్గరే పాటని కోసి పెట్టుకోవడం, వేగం మార్చడం, ఎఫెక్టులు వెయ్యడం. ఏది ఎప్పుడు పనికొస్తుందో చూద్దాం.

## ముందు దేన్ని బట్టి చూడాలి

"ఒకటి" దొరకడం. సల్సాది ఎనిమిది అంకెల లెక్క. 1, 2, 3 మీద అడుగులు, 4 మీద ఆగడం. 5, 6, 7 మీద అడుగులు, 8 మీద ఆగడం. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళకి ఇది చప్పున ఎక్కుతుంది. ఆదితాళానికీ ఎనిమిది అక్షరాలే. తాళానికి సమం ఎలాగో సల్సాకి "ఒకటి" అలాగ. కాకపోతే ఇక్కడ ఎవరూ చేత్తో తాళం వేసి చూపించరు. కాంగా డ్రమ్ములు, పియానో, గంట కలిసి అల్లే అల్లికలోంచి డ్యాన్సరే దాన్ని వెతుక్కోవాలి. బాస్ అయితే చాలాసార్లు ఒకటి మీద పలకనే పలకదు, ముందే పలికేసి ఊరుకుంటుంది. కొత్తవాళ్ళకి ఈ వెతుకులాటకే పది పదిహేను సెకన్లు పడుతుంది. ఒకసారి దొరికాక డీజే దాన్ని లాగేసుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది.

ముగింపు తెలియడం. చాలా సల్సా పాటలకి గట్టి ముగింపు ఉంటుంది. ట్రంపెట్లు, ట్రాంబోన్లు అన్నీ కలిసి ఒక్క దెబ్బ కొట్టి ఆపేస్తాయి. ఆ దెబ్బకి పార్ట్‌నర్‌ని వెనక్కి వాల్చి పట్టుకుంటారు, దాన్ని డిప్ అంటారు. ఫొటోలన్నీ అక్కడే. దాని మీద ఇంకో పాట ఎక్కించడమంటే తలంబ్రాల వేళ కరెంటు తీసెయ్యడమే.

జోడీ మార్చుకునే వ్యవధి. సోషల్‌లో పాటకో పార్ట్‌నర్. పాట అయ్యాక థాంక్స్ చెప్పుకుని, ఇంకొకరిని అడగాలి. బెంగళూరులో అయితే చెయ్యి చాపి అడిగేస్తారు. మా ఊళ్ళలో ఆ అడగడానికే గుండె కావాలి. ఒక కుర్రాడిని నేను రోజూ చూస్తుంటాను. గోడ పక్కన నిలబడి, రుమాలుతో రెండు చేతులూ తుడుచుకుని, ఒకడుగు ముందుకేసి, మళ్ళీ వెనక్కొచ్చి, చివరికి "డ్యాన్స్ చేద్దామా అండీ" అనేసరికి ఇరవై సెకన్లు అవుతుంది. ఆ ఇరవై సెకన్లు ఇవ్వకపోతే రాత్రంతా గోడ పక్కనే ఉంటాడు. పెద్ద ఊళ్ళలో వాడే చిట్కాలు ఇక్కడ ఎందుకు పారవో తెలియాలంటే ఆ కుర్రాణ్ణి చూస్తే చాలు.

పాట లొంగుతుందా. హౌస్, టెక్నో లాంటి క్లబ్బు పాటలు కంప్యూటర్ లెక్క మీద కట్టినవి కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంలో నడుస్తాయి. పాత సల్సా అలా కాదు. 1964లో జానీ పచేకో, జెర్రీ మసూచి కలిసి న్యూయార్క్‌లో ఫానియా రికార్డుల కంపెనీ పెట్టారు. ఆ కాలపు రికార్డులు బ్యాండంతా కూర్చుని వాయించినవి. పాట వేడెక్కేకొద్దీ వాళ్ళ చేతులూ వేడెక్కుతాయి, వేగం పెరుగుతుంది. మొదట్లో నిమిషానికి 186 దెబ్బలున్న పాట చివరికి 192 అయినా ఆశ్చర్యం లేదు. అలాంటి పాటకి సాఫ్ట్‌వేర్ దెబ్బదెబ్బకీ గీసిన గీతలు సగం దారిలోనే తప్పుతాయి.

కరెంటు, స్పీకర్లు, ల్యాప్‌టాప్ సంగతి చివర్లో చెబుతాను.

## దారి 1: పాట పూర్తిగా, తర్వాత ఖాళీ

పాటని మొదటి చప్పుడు నుంచి చివరి దెబ్బ దాకా వదిలెయ్యాలి. తర్వాత అయిదు నుంచి పది సెకన్లు నిశ్శబ్దం. తర్వాత ఇంకో పాట.

పెళ్ళి డీజేలకి ఈ నిశ్శబ్దం అంటే ప్రాణం పోతుంది. డెడ్ ఎయిర్ అని భయం. నాకూ ఉండేది, మొదటి నెలంతా చెయ్యి దానంతటదే చప్పుడు దించే ఫేడర్ మీదకి పోయేది. కానీ సోషల్‌లో ఆ నిశ్శబ్దం ఖాళీగా ఉండదు. చప్పట్లు, నవ్వులు, "సారీ అండీ, కాలు తొక్కాను", "మరేం పర్లేదు" అంటూ తెలుగు, ఒడియా, హిందీ మూడూ కలిసి నడుస్తాయి.

ఇంకో లాభం పాట మొదలు. చాలా సల్సాల్లో మొదటి పది ఇరవై సెకన్లు తాళం గట్టిగా పట్టదు. పియానో ఒక్కటే, లేదా ట్రంపెట్ల హంగు. మిక్స్ చేసే డీజే దాన్ని దాటేసి నేరుగా తాళంలోకి దూకుతాడు. పాటని వదిలేస్తే అదే అడగడానికి సమయం అవుతుంది. పాట ఏదో గుర్తుపట్టి "ఇది నాకిష్టం, రండి" అని లాక్కెళ్ళేది కూడా అప్పుడే.

నష్టం లేకపోలేదు. పాతవాటిలో ఏడెనిమిది నిమిషాల పాటలు ఉంటాయి. కొత్త పార్ట్‌నర్‌తో, ఒడిశా మే నెల ఉక్కలో, ఎనిమిది నిమిషాలంటే శిక్షే. చివర్లో అరనిమిషం పాటు సన్నగిల్లిపోయే పాటలు ఇంకో రకం బాధ. ఎప్పుడు ఆగాలో తెలియక జంటలు మొహమొహాలు చూసుకుంటాయి.

ఆరిట్లో ఒక్కటే తీసుకోమంటే నేను దీన్నే తీసుకుంటాను.

## దారి 2: చిన్న ఫేడ్

దానంతటదే సన్నగిల్లే పాటలకి ఇది మందు. పాట తగ్గడం మొదలవ్వగానే, ఎనిమిది లెక్క పూర్తయ్యే చోట, రెండు మూడు సెకన్లలో నువ్వే దించెయ్యాలి. దించాక కూడా ఖాళీ వదలాలి.

పాటల యాప్‌లలో ఉండే క్రాస్‌ఫేడ్ సెట్టింగ్ వేరు. అది ప్రతి పాట చివరా తర్వాతి పాట మొదలుతో కలిపేస్తుంది. గట్టి ముగింపు ఉన్న పాటకీ, లేని పాటకీ దానికి తేడా తెలియదు. ఫోన్ మీద నడిపేవాళ్ళు ముందు ఆ సెట్టింగ్ సున్నాకి తెచ్చుకోవాలి. డబ్బులక్కర్లేని మిక్స్ సాఫ్ట్‌వేర్ మిక్స్‌ఎక్స్‌లో ఇంకా మంచి సదుపాయం ఉంది. ఆటో డీజేలో పాట మారే సమయాన్ని మైనస్‌లో పెడితే, కలపడానికి బదులు అన్ని సెకన్లు నిశ్శబ్దం వదులుతుంది. మైనస్ ఎనిమిది పెట్టుకుని నేను కూడా వెళ్ళి రెండు పాటలకి డ్యాన్స్ చేసొస్తుంటాను.

## దారి 3: బీట్‌మ్యాచ్, అంటే రెండు పాటల్ని కలిపి నడపడం

అందరూ నేర్చుకోవాలనుకునేది ఇదే. యూట్యూబ్ పాఠాలన్నీ దీని మీదే. సల్సాకి అన్నిటికంటే పనికిరానిదీ ఇదే. ఎందుకో కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది ఇక్కడే.

సల్సా కింద క్లావే అని ఒక నడక ఉంటుంది. రెండు కర్రముక్కలతో కొట్టే అయిదు దెబ్బల వరస అది. ఎనిమిది లెక్కలో ఒక సగంలో మూడు దెబ్బలు, ఇంకో సగంలో రెండు. కొన్ని పాటలు మూడుతో మొదలవుతాయి, కొన్ని రెండుతో. పైకి కర్రలు వినబడకపోయినా పియానో, ట్రంపెట్లు, పాట పదాలు అన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. ఇప్పుడు రెండు పాటల్ని కలిపావనుకో. దెబ్బకి దెబ్బ సరిపోవచ్చు. కానీ ఒక పాటలో మూడు పడేచోట రెండోదానిలో రెండు పడుతుంటే వినేవాళ్ళకి చిరాకు, ఆడేవాళ్ళకి గందరగోళం. సింక్ బటన్‌కి క్లావే తెలియదు, అది దెబ్బలు మాత్రమే లెక్కపెడుతుంది.

దీనికి తోడు నాలుగు దెబ్బలు పక్కకి జరిగినా సాఫ్ట్‌వేర్ లెక్కలో అంతా సరిగానే ఉంటుంది. డ్యాన్సర్ లెక్కలో మాత్రం ఒకటి ఉండాల్సిన చోట అయిదు వచ్చిపడుతుంది. ఎడమ కాలు వెయ్యాల్సిన చోట కుడి కాలు. ఆ శనివారం నేను చేసిన ఘనకార్యం సరిగ్గా ఇదే. పాటలో ఏ తప్పూ వినబడదు, గదిలో మాత్రం అందరూ తప్పుతారు. రెండో అంకె మీద దిశ మార్చే న్యూయార్క్ పద్ధతి వాళ్ళకి ఇంకా కష్టం. వాళ్ళు కాంగా చప్పుడు పట్టుకుని ఆడతారు, రెండు కాంగాలు ఒకేసారి వినిపిస్తే దేన్ని పట్టుకోవాలి?

వేగం అంకెల్లోనూ ఒక మాయ ఉంది. 190 ఉన్న సల్సాని కొన్ని సాఫ్ట్‌వేర్లు 95 అని చూపిస్తాయి. పక్కనే ఇంకో పాట 184 అని కనబడితే ఒకటి నింపాది, ఒకటి పరుగు అనుకుంటాం. నిజానికి రెండూ దగ్గర దగ్గర వేగాలే. అంకెని నమ్మకుండా చెవితో ఓసారి లెక్కపెట్టుకోవాలి.

అయితే బీట్‌మ్యాచ్‌కి అసలు చోటే లేదా అంటే, సల్సాకి లేదు గానీ పక్కవాటికి ఉంది. బచాటా అనే ఇంకో జంట డ్యాన్స్ ఉంది, అందులో ఇప్పుడొచ్చే రీమిక్స్‌లు కంప్యూటర్ లెక్క మీద కట్టినవి, నిమిషానికి 120, 130 దెబ్బల దగ్గర స్థిరంగా నడుస్తాయి. వాటిని ఎనిమిది లెక్క దగ్గర జాగ్రత్తగా పట్టి కలిపితే జంటలు గమనించకుండానే ముందుకెళ్తాయి. కిజోంబా (అదీ జంట డ్యాన్సే) రాత్రుల్లో నెమ్మదైన ఎలక్ట్రానిక్ పాటలు పొడుగ్గా కలిపినా అభ్యంతరం పెట్టేవాళ్ళు తక్కువ. అక్కడ కూడా పాట ఎప్పుడయిందో తెలియకుండా నాలుగైదు కలిపితే ఒకే మనిషితో ఇరవై నిమిషాలు ఇరుక్కుంటారు. వదిలించుకోవాలనుకున్నవాళ్ళ మొహాలు బూత్‌లోంచి బాగా కనబడతాయి.

## దారి 4: ఇంటి దగ్గరే కోసి పెట్టుకోవడం

డీజే విద్యల్లో సల్సాకి నిజంగా పనికొచ్చేది ఇది. పార్టీలో ఎవరికీ కనబడదు, చప్పట్లూ రావు.

ఎనిమిది నిమిషాల పాటని అయిదుకి తేవాలి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. సల్సా పాటకి మామూలుగా ఒక కట్టడం ఉంటుంది. మొదలు, తర్వాత కథ చెప్పే పాట, తర్వాత బృందం పల్లవి పాడుతుంటే గాయకుడు మధ్యమధ్యలో అల్లుకుపోయే భాగం, మధ్యలో ట్రంపెట్ల విజృంభణ, చివర ముగింపు. కథ భాగాన్ని ముట్టుకోకూడదు. పల్లవి, అల్లిక భాగంలో ఒకే పల్లవి పదిసార్లు తిరుగుతుంది, అందులోంచి నాలుగు తిరుగుళ్ళు తీసెయ్యొచ్చు. పెద్ద గంట మోగడం మొదలైందంటే ఆ భాగం వచ్చినట్టే లెక్క. హరికథలో దాసుగారు పిట్టకథ తగ్గించుకున్నంత తేలిగ్గా జరిగిపోతుంది.

కోసేటప్పుడు ఒక్కటే నియమం. తీసేది ఎప్పుడూ నిండు ఎనిమిది లెక్కల చొప్పున ఉండాలి. ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు, అరవైనాలుగు, ఏదైనా సరే. నాలుగు తీసేస్తే ఒకటి పోయి అయిదు వస్తుంది, క్లావే కూడా తిరగబడుతుంది. కోసిన చోట నిలబడి నువ్వే అడుగులు వేసి చూసుకో. గదిలో తలుపేసుకుని నేను అలాగే చేస్తుంటే మా అమ్మ వచ్చి "ఒంట్లో బాగుందా నాన్నా" అని అడిగింది.

చివర సన్నగిల్లే పాటలకి కూడా ఇక్కడే వైద్యం. ట్రంపెట్ల దెబ్బ పడిన మంచి చోటు చూసి, అక్కడితో ముగించి, రెండు సెకన్లు గూంజు వదిలితే అచ్చం సహజమైన ముగింపులా ఉంటుంది.

ఇక్కడే ఇంకో పని కూడా చేసుకోవాలి: చప్పుడు సమానం చెయ్యడం. 1970ల రికార్డు పక్కన ఈ మధ్య పాట పెడితే ఒకటి గుసగుస, ఒకటి అరుపు. ఇప్పటి పాటల్ని గట్టిగా వినబడేలా నొక్కి తయారుచేస్తారు. పార్టీలో ప్రతి పాటకీ గెయిన్ తిప్పుతూ కూర్చోకుండా, ముందురోజే అన్నీ విని ఒక స్థాయికి తెచ్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఎరుపు లైటు వెలిగేదాకా పెంచకూడదు. పాత పాట చిన్నగా వినబడుతోందని మాస్టర్ పెంచి, తర్వాత పాటకి దించడం మర్చిపోయి, ఒకసారి పక్కింటివాళ్ళని నిద్రలేపాను.

ధర ఏమిటంటే, టైము. ఒక పాటకి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. నలభై పాటలు కోసుకున్నావంటే రెండు మూడు నెలల ఆదివారాలు పోయినట్టే. మనవాళ్ళు నిజంగా ఆడే పాటల్ని గుర్తుపెట్టుకుని, వాటిలో పొడుగైనవి మాత్రమే కోసుకుంటే చాలు.

## దారి 5: వేగం మార్చడం

మామూలు సోషల్‌లో సల్సా 160 నుంచి 220 దాకా వస్తుంది. కొత్తవాళ్ళకి 160, 175 మధ్య హాయి. 200 దాటితే పాతవాళ్ళే మిగులుతారు. మంచి పాట ఉంది, 200 మీద ఉంది, గదిలో సగం మంది మూడో క్లాసు పిల్లలు (నెలన్నర కిందట మొదలెట్టినవాళ్ళని మేం అలాగే అంటాం). స్వరం మారకుండా వేగం తగ్గించే కీ లాక్ నొక్కి నాలుగు శాతం దించితే 192 అవుతుంది. ఎనిమిది దెబ్బల తేడాకే గది ఊపిరి పీల్చుకుంటుంది.

అయిదు శాతం దాటితే ట్రంపెట్లు తడిసిన బట్టలా సాగుతాయి, తాళాల చప్పుడు గరగరమంటుంది. పాట మధ్యలో వేగం మార్చడం ఎప్పుడూ వద్దు. పాట పెట్టే ముందే మార్చి, ఎవరికీ చెప్పకు. చెబితే "అసలు పాట ఇలా ఉండదు కదా అన్నా" అనే పండితుడు ఒకడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు.

నా ఓటు మాత్రం పాట వేగం కంటే పాటల వరసకి. 170, 182, 195, తర్వాత రెండు బచాటాలు, మళ్ళీ 172 నుంచి. పాటలకి సానపెట్టే కంటే వరస మార్చడం సులువు, ఫలితమూ ఎక్కువ. గంటకోసారి చచ్చచ్చా అనే నింపాది డ్యాన్స్ పాట ఒకటి కూడా వేస్తాను. 120 దగ్గర నడుస్తుంది కాబట్టి అందరూ కాస్త ఆయాసం తీర్చుకుంటారు.

## దారి 6: ఎఫెక్టులు, లూపులు, మైకు

సైరన్, స్క్రాచ్, పాట మీద అరుపులు ఊరేగింపుకే వదిలెయ్యాలి. ఫిల్టర్ తిప్పి బాస్ తీసేస్తే హౌస్ పాటల పార్టీలో జనం కేకలేస్తారు, సల్సాలో కాళ్ళ కింద నేల తీసేసినట్టు అవుతుంది.

ఎకో ఒక్కటి ఆపద్ధర్మంగా దగ్గర పెట్టుకుంటాను. కోయడం మర్చిపోయిన ఎనిమిది నిమిషాల పాట నడుస్తోంది, జంటలు అలిసిపోయాయి. పల్లవి ముగిసే ఎనిమిదో అంకె దగ్గర ఎకో వేసి ఆపేస్తే ముగింపు లాంటిది దొరుకుతుంది. రాత్రికి రెండుసార్లు మించి చేస్తే పసిగట్టేస్తారు.

ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ తిప్పే లూపు క్లాసుకి పనికొస్తుంది. పార్టీకి ముందు అరగంట పాఠం ఉంటే, ఎనిమిది లెక్కల లూపు వేసి మాస్టారికి ఇవ్వొచ్చు. నాలుగు లెక్కల లూపు వెయ్యకు, క్లావేలో సగమే తిరుగుతూ ఉంటుంది, పిల్లలకి చెవి తప్పుగా పడుతుంది.

మైకు పాటల మధ్యే, ఒక్క వాక్యమే.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఒకటి నిలుస్తుందా | ముగింపు | జోడీ మార్చే వ్యవధి | శ్రమ |
|---|---|---|---|---|
| పూర్తి పాట, ఖాళీ | పూర్తిగా | పాటదే | బోలెడు | దాదాపు లేదు |
| చిన్న ఫేడ్ | నిలుస్తుంది | పర్లేదు | ఖాళీ వదిలితే ఉంది | తక్కువ |
| బీట్‌మ్యాచ్ | సల్సాలో పోతుంది, బచాటా రీమిక్స్‌లో నిలుస్తుంది | ఉండదు | ఉండదు | చాలా |
| ముందే కోసుకోవడం | ఎనిమిది చొప్పున కోస్తే పూర్తిగా | నీ చేతిలో | బోలెడు | పార్టీకి ముందు చాలా, పార్టీలో లేదు |
| వేగం మార్చడం | నిలుస్తుంది | పాటదే | సంబంధం లేదు | తక్కువ |
| ఎఫెక్టులు | చాలావాటిలో పోతుంది | ఎకోతో ఓ మోస్తరు | సంబంధం లేదు | తక్కువ, టెంప్టేషన్ ఎక్కువ |

## మీ గది ఏ రకం?

కొత్తవాళ్ళే ఎక్కువున్న గదికి, అంటే మా ఊళ్ళలో నూటికి తొంభై గదులకి, ఒకటో దారీ అయిదో దారీ కలిపితే చాలు. ఖాళీ పది సెకన్లు ఉంచండి. వేగం 185 దాటనివ్వకండి. మిక్సింగ్ నేర్చుకునే టైముని పాటలు వెతకడానికి వాడండి.

విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రైలెక్కి అనుభవం ఉన్నవాళ్ళు వస్తున్నారంటే ఖాళీ అయిదు సెకన్లకి తగ్గించొచ్చు, వాళ్ళకి అడగడానికి మొహమాటం లేదు. 200 దాటిన పాటలు గంటకి రెండు వెయ్యండి. కానీ వాళ్ళని మెప్పించాలని రాత్రంతా అలాగే నడిపితే మీ ఊరివాళ్ళు వచ్చేవారం రారు. వచ్చినవాళ్ళు ఎలాగూ ఆదివారం రైలెక్కి వెళ్ళిపోతారు.

గుండ్రంగా నిలబడి ఒకరు కేకేస్తే అందరూ జోడీలు మార్చుకునే రూయెదా ఆడే గుంపు ఉంటే లెక్క కొంచెం మారుతుంది. జోడీ మార్పు పాటలోనే జరుగుతుంది కాబట్టి ఏడు నిమిషాల పాట కూడా కోయకుండా వెయ్యొచ్చు. కేకేసేవాడి గొంతు వినబడేలా చప్పుడు మాత్రం తగ్గించాలి.

బచాటా మీద మనసున్న గది అయితే రెండేసి పాటల్ని కలపండి, అంతకుమించి వద్దు. రెండు పాటలు ఒకే పార్ట్‌నర్‌తో అన్నది అందరికీ సమ్మతంగా ఉంటుంది, మూడోది ఇబ్బంది.

ఇక సంగీత్ ఫంక్షన్‌లో గంటసేపు సల్సా పెట్టమని అడిగేవాళ్ళు. అది సోషల్ కాదు. అక్కడ ఆడేవాళ్ళకంటే చూసేవాళ్ళు ఎక్కువ, చూసేవాళ్ళకి నిశ్శబ్దం నచ్చదు, పెళ్ళికూతురు మేనమామ మైకు కోసం చూస్తుంటాడు. కలపండి, సైరన్ కూడా వేసుకోండి. నాకూ అక్కడ చేతులు దురద తీరుతుంది.

## సరంజామా గురించి నాలుగు ముక్కలు

పైన నేను మెచ్చిన దారులకి ల్యాప్‌టాప్, ఒక మంచి తీగ, రెండు స్పీకర్లు చాలు. డీజే కంట్రోలర్ కొనే డబ్బుంటే ముందు స్పీకర్ల మీద పెట్టండి. ఊరేగింపు బాక్సులు తెచ్చుకోకండి. వాటిలో బాస్ గుండెల్లో కొడుతుంది, పియానో, గంట వినబడవు. ఒకటి వెతుక్కోవడానికి కావలసినవి సరిగ్గా ఆ రెండే.

ఫోన్ మీద నడిపితే ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. ఒకసారి డిప్‌కి ముందు ఎవరి ఫోనో మోగి స్పీకర్లలో దేవుడి పాట వచ్చింది, ఆ జంట అలాగే వాలి దణ్ణం పెట్టుకుంది.

ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, స్పీకర్లకి ఉండదు. కరెంటు పోయినా పాట లోపల నడిచిపోతూనే ఉంటుంది. పోగానే పాజ్ నొక్కండి. వచ్చాక మధ్యలోంచి కాకుండా మొదటి నుంచి వెయ్యండి.

డాబా మీద అయితే రాత్రి పది గంటలకి ఆపాల్సిందే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదు. తలుపులు మూసిన హాలుకి వెసులుబాటు ఉంది. అందుకని చివరి పాట తొమ్మిది యాభైకి మొదలయ్యేలా చూసుకుంటాను. నెమ్మదైనది, అందరికీ తెలిసినది, గట్టి ముగింపు ఉన్నది, కోయనిది. ఆ పాట నడుస్తున్నప్పుడు ఫేడర్ మీద చెయ్యి వెయ్యను. టేబుల్ వదిలి వెళ్ళి, గోడ పక్కనున్న ఆ కుర్రాడి చేతిలో రుమాలు తీసుకుని, ముందుకి తోస్తాను.